పాటలు నింపిన బూటబుల్ పెన్‌డ్రైవ్

ఈ రోజుల్లో కంప్యూటర్ బాగుచేసేవాడు ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, మీ తెరమీది బాణం గుర్తును తనే తిప్పి, మొహం కూడా చూపించకుండా పని ముగించుకుని పోతున్నాడు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మాకు అంత భోగం లేదు. మరీ పాతకాలం ముచ్చట అనుకోకండి, మొన్నమొన్నటి సంగతే. మీ చేతుల్లో ఉన్నటువంటి ఫోన్లే మా చేతుల్లోనూ ఉండేవి. కాకపోతే ఇల్లందు దాటి అడవిలోకి పోయినంక అవి టార్చిలైట్లుగా మాత్రమే పనికొచ్చేవి. అక్కడ కంప్యూటర్ పడకేసిందంటే మనిషే పోవాలి. ఆ మనిషిని నేను.

నా ఉద్యోగం పేరు సర్వీస్ ఇంజనీర్. ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల అంచు దాకా బడుల్లో ఉన్న కంప్యూటర్లన్నీ నా సామ్రాజ్యం. అందులో సగం నా చెప్పుల చప్పుడు వినగానే భయపడి వాటంతట అవే బాగయ్యేవి. మిగతా సగానికి నేను కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేవాణ్ని. ఈ దేశంలో సీపీయూలన్నీ బల్లల కిందే ఎందుకు పెడతారో, ఆ బల్లలన్నీ నా నడుము కొలత తీసుకుని మరీ ఎందుకు చేస్తారో ఇప్పటికీ తెలియదు. చివరికి నా నడుము ఎక్స్‌రే చూసిన డాక్టరు, మీరు బొగ్గుబావిలో చేసేవారా అని అడిగాడు. ఆ మాటనే సాకుగా పట్టుకుని గడువుకు ముందే రిటైరయ్యాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో మీకు చెప్పాల్సిన పని లేదు గానీ, చెప్పకుండా ఉండలేను. కంప్యూటర్‌ను పొద్దున్నే లేపి, మొహం కడిగించి, పనిలో కూర్చోబెట్టే పెద్దమనిషి అది. ఆ పెద్దమనిషే మంచాన పడితే కంప్యూటర్ లేవదు. అప్పుడు ఇంకో పెద్దమనిషిని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పోయి బయటి నుంచి లేపాలి. అదే బూటబుల్ పెన్‌డ్రైవ్. నా జేబులో ఎప్పుడూ ఒకటి ఉండేది. పోలీసుకు లాఠీ ఎట్లనో, నాకు అది అట్ల.

ఈ కథ జరిగిన రోజుకు ముందురోజు మధ్యాహ్నం, వేంసూరులో ఒక బడి కంప్యూటర్‌లో నా పెన్‌డ్రైవ్ ఇరుక్కుపోయింది. గుంజితే మెడ విరిగి, తల కంప్యూటర్‌లోనూ, మొండెం నా చేతిలోనూ మిగిలాయి. దుఃఖంలో ఉండగానే మా పెద్దసారు ఖమ్మం నుంచి ఫోన్ చేశాడు. ఆయన మాట్లాడితే నా చెవి పక్కన ఎండబెట్టిన మిరపకాయలు కూడా ఎగిరిపడేవి. ఇల్లందు అవతల అడవిలో ఒక బడి కంప్యూటర్ లేస్తలేదట. రేపే అక్కడికి భద్రాచలం నుంచి ఆఫీసరు వస్తున్నాడట.

"పోవుడు, ఫార్మాట్ కొట్టుడు, కొత్తది ఎక్కించుడు, ఫోటో తీసి పెట్టుడు. గంతే. ఆయన వచ్చేసరికి తెర ఎలగాలె."

నా దగ్గర పెన్‌డ్రైవ్ లేదు. అందుకని ఇల్లందులో ఉండే మా అన్నకు ఫోన్ చేశాను.

అన్న అంటే సొంత అన్న కాదు, నా తోటి ఉద్యోగి. నాకన్నా పెద్దవాడు. ప్రింటర్లు, యూపీఎస్‌లు, బ్యాటరీలు ఆయన రాజ్యం, సాఫ్ట్‌వేర్ నాది. ఇద్దరం ఒకరి సరిహద్దు ఒకరు దాటకుండా ఎన్నో ఏళ్ళు సుఖంగా బతికాం. ఆయన ఇల్లందులో చర్చి పాటల బృందానికి పెద్ద. ఆయన గొంతెత్తితే గనిలో షిఫ్టు మారిందనుకుని జనం టిఫిన్ డబ్బాలు సర్దుకునేవాళ్ళు. ఏ యంత్రం మీద చెయ్యి వేసినా ముందు కళ్ళు మూసుకుని ఒక చిన్న ప్రార్థన చేసేవాడు. ఆయన ప్రార్థన చేసిన ప్రింటర్లలో కాగితం ఇరుక్కోగా నేనెప్పుడూ చూడలేదు. చూసినా ఒప్పుకోను.

ఆయనకు ఫోన్‌లోనే అంతా వివరించాను. ఇంటర్నెట్‌లో ఫలానా చోట ఒక ఫైల్ ఉంటుంది, ఉచితంగా ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని దించి పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చేసి ఉంచు, పొద్దున్నే వస్తానని చెప్పాను. ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి అయిందా అని అడిగితే, అవ్ తమ్మీ, మంచి దుకాణంల ఎక్కించిన, నువ్వు నిమ్మలంగ పండు అన్నాడు. పడుకున్నాను. అంత నిద్ర నా జీవితంలో మళ్ళీ పోలేదు.

తెల్లారి ఖమ్మంలో బస్సెక్కి, కారేపల్లి మీదుగా ఇల్లందు చేరేసరికి అన్న మోటర్‌సైకిల్ మీద కూర్చుని సిద్ధంగా ఉన్నాడు. మెడలో తాయెత్తులాగా కొత్త పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. అక్కడి నుంచి అడవి. చలికాలం మంచుకు ఎదురుగా వచ్చే ఎద్దు కూడా లారీలాగా కనపడింది. ఒక వాగులో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి, నేను ఇంట్లో మెడ దాకా అని చెప్పాను. బండి వాగులో ఆగిపోతే అన్న ప్రార్థన చేశాడు, నేను తోశాను. ఎవరి వల్ల కదిలిందన్న దాని మీద ఊరు వచ్చేదాకా వాదించుకున్నాం.

బడి అంటే రెండు గదులు, ఒక వరండా. వరండాలో మొదటి తరగతి టీచరమ్మ మాకోసం నిలబడి ఉంది. ఆ ఊరి కోయ పిల్లే. ఆ ఊరి నుంచి ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, కానీ ఆ రోజు ఆమె మొహం చూస్తే రాత్రంతా కంప్యూటర్‌కు కాపలా కాసినట్టుంది. కాసిందట కూడా.

కుర్చీలో కూర్చోకముందే విషయమంతా చెప్పింది. ఆ ఊరి పిల్లలు బడికి వచ్చే రోజుకు వాళ్ళకు వచ్చింది కోయ భాష ఒక్కటే. పుస్తకం తెలుగులో ఉంటుంది. పిల్లలు పుస్తకాన్ని, పుస్తకం పిల్లల్ని చూసుకుంటూ మొదటి సంవత్సరం గడిచిపోతుంది. అందుకని ఈమె ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని కథలు, పొడుపుకథలు, లెక్కల పాటలు ఫోన్లో రికార్డు చేసి, బొమ్మలు జోడించి, కోయ నుంచి తెలుగులోకి మెల్లగా చెయ్యి పట్టుకుని నడిపించే పాఠాలు తయారుచేసింది. రెండేళ్ళ పని. భద్రాచలం ఆఫీసరు వచ్చేది వాటిని చూడటానికే. ఆయనకు నచ్చితే చుట్టుపక్కల అడవి బడులన్నిటికీ ఇస్తారు. అవన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఫోన్ నిండిపోయిందని ఫోన్లోవి ఎప్పటికప్పుడు తుడిచేసింది.

మా పెద్దసారు ఫోన్లో చెప్పిన ఫార్మాట్ అన్న మాట నా నోటి చివర దాకా వచ్చి, మళ్ళీ లోపలికి పోయింది. ఫార్మాట్ అంటే డిస్కు మొత్తం ఊడ్చి, కడిగి, ముగ్గు పెట్టడం. కొత్త సిస్టమ్ వస్తుంది, పాత ప్రాణాలు పోతాయి.

"సార్, కంప్యూటర్ లేవకున్నా మంచిదే. లోపలియి పోవద్దు" అంది ఆమె.

నా ఉద్యోగ జీవితంలో కంప్యూటర్ లేవకున్నా మంచిదే అన్న మనిషిని మొదటిసారి చూశాను. పోతే మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు కదమ్మా అని నేను అంటే, ఆమె గడప వైపు చూసింది.

గడప మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. టీచరమ్మకు అమ్మమ్మ వరస. ఊళ్ళో అందరికన్నా పెద్దది. విత్తనాల పండుగ నాడు, గింజలు చేలోకి పోకముందు పాడే పెద్ద పాట ఆమెకు ఒక్కదానికే మొదటి నుంచి చివరి దాకా వచ్చు. ఆ పాట పండుగనాడే పాడాలి. వేరే రోజు పాడితే ఊరు ఒప్పుకోదు, ఊరు ఒప్పుకున్నా ఆమె ఒప్పుకోదు. పోయిన ఎండాకాలం పండుగలో టీచరమ్మ ఆమె వెనకాలే తిరిగి రికార్డు చేసింది. ఇప్పుడు పోతే మళ్ళీ పండుగ దాకా ఆగాలి. అప్పటికి అవ్వ గొంతు ఎట్లుంటదో ఎవరికి తెలుసు సార్, అని మెల్లగా అంది.

నేను నడుం బిగించాను. నిజంగానే బెల్టు బిగించాను, డాక్టరు చెప్పాడు కాబట్టి.

కంప్యూటర్ ఆన్ చేస్తే సగం లేచి, నీలం తెర చూపించి, మళ్ళీ పడుకుంటోంది. డిస్కు లోపల నుంచి టక్కు టక్కుమని చప్పుడు, ముసలి గడియారం దగ్గినట్టు. ఆ చప్పుడుకు అర్థం ఒక్కటే. డిస్కు ఎక్కువ కాలం ఉండదు, ఉన్నంతసేపట్లోనే పని కావాలి. డిస్కు ఊడదీసి నా లాప్‌టాప్‌కు తగిలించే వైరు ఖమ్మంలో బీరువాలో హాయిగా ఉంది. ఇక మిగిలింది పెన్‌డ్రైవే. అదృష్టం ఏమిటంటే అన్న చేత దింపించిన సిస్టమ్‌కు ఒక సుగుణం ఉంది. డిస్కును ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ మీదనే నడవగలదు. కిరాయి ఇంట్లో దిగినట్టు దిగి, పక్కింటి తలుపు తీసి సామాన్లు బయటికి చేరవేయవచ్చు.

అన్న మెడలోంచి పెన్‌డ్రైవ్ తీసి, కళ్ళకద్దుకుని, కంప్యూటర్‌కు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. నేను మీట నొక్కి, ఎక్కడి నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ కోసం ఎఫ్ పన్నెండు మీద చూపుడువేలితో డప్పు వాయించాను. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఇందులో లేపగలిగేది ఏదీ లేదు, వేరేది పెట్టమని.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేదంది. ఇంకో రంధ్రంలో పెట్టాను. మౌస్, కీబోర్డు పోను ఆ కంప్యూటర్‌కు బతికున్న రంధ్రాలు రెండే. రెండూ లేదన్నాయి. చివరికి పెన్‌డ్రైవ్‌ను నా లాప్‌టాప్‌కు పెట్టి తెరిచాను.

తమ్ముళ్ళూ, ఆ దృశ్యం చూడటానికి రెండు కళ్ళు చాలవు. పాటలు. తెర కింది దాకా పాటలు. డీజే పాటలు ఒక ఫోల్డర్, బతుకమ్మ పాటలు ఒకటి, అయ్యప్ప భజనలు ఒకటి, క్రీస్తు గీతాలు ఒకటి, కవ్వాలీలు ఒకటి, లవ్ ఫెయిల్యూర్ అని అన్నిటికన్నా లావుగా ఇంకొకటి. వాటన్నిటి మధ్య, పెళ్ళిలో దారి తప్పిన గుమాస్తాలాగా, మన ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్ ఒక్కటే ముడుచుకుని కూర్చుని ఉంది.

జరిగింది ఇదీ. అన్న పెన్‌డ్రైవ్‌ను ఇల్లందులో ఆటోలకు, ట్రాక్టర్లకు పాటలు ఎక్కించే దుకాణంలో ఇచ్చాడు. అక్కడ నెట్ బాగా వస్తుందని. ఇందులో ఫలానా ఫైల్ ఎక్కించు అన్నాడు. దుకాణమతను ఎక్కించాడు, అంటే పాటను ఎక్కించినట్టే కాపీ కొట్టి పెట్టాడు. ఆ తర్వాత చూస్తే పెన్‌డ్రైవ్‌లో ఇంకా బోలెడు ఖాళీ ఉంది. మా వైపు పాటలు ఎక్కించేవాడు ఖాళీ ఉన్న పెన్‌డ్రైవ్ తిరిగి ఇవ్వడు. ఇస్తే చుట్టాన్ని సగం అన్నంలో లేపినట్టు. కొత్త మొహం, ఏ దేవుడి మనిషో, ఏ బాధలో ఉన్నాడో తెలియదు కాబట్టి అన్ని రకాలూ కొంచెం కొంచెం వడ్డించాడు.

"ఖాళీ ఎందుకుంచుడని మొత్తం నింపి ఇచ్చిండు తమ్మీ. నేనే సంబురపడితి" అన్నాడు అన్న.

తప్పు మా అన్నదీ కాదు, దుకాణమతనిదీ కాదు. మీరు కూడా గుర్తుపెట్టుకోండి. ఆ ఫైల్ అనేది మడతపెట్టిన గుడారం. దాన్ని మడత మీదే సంచిలో వేసుకుంటే అది సామాను. విప్పి, గుంజలు పాతి నిలబెడితేనే అందులో పడుకోగలం. అట్లా నిలబెట్టడానికి వేరే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. అది పెన్‌డ్రైవ్‌నంతా చదును చేసి, కంప్యూటర్ లేచే తీరుగా మళ్ళీ కడుతుంది. ఆ ప్రోగ్రామ్ నా లాప్‌టాప్‌లో ఉంది. ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. అంటే అడవి మధ్యలో, ఒక్క గీత సిగ్నల్ లేకుండా, మనం ప్రపంచాన్ని జయించడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

ఫైల్‌ను లాప్‌టాప్‌లోకి లాగాను. లాప్‌టాప్ బ్యాటరీ నా నడుము కంటే ముందే రిటైర్ అయింది కాబట్టి వైరు పెట్టక తప్పదు. గదిలో ఉన్న ఒక్క ప్లగ్గులో కంప్యూటర్ వైరు తీసి దీన్ని పెట్టాను. కరెంటు పోకుండా చూసే బాధ్యత అన్నకు, ఆయన పైవాడికి అప్పగించాను. లాప్‌టాప్‌లో ఇంకేదీ పట్టే జాగా లేదు. అన్న ఫోల్డర్ల వైపు చూసి, గా క్రీస్తు గీతాలొక్కటి ఉంచరాదు తమ్మీ అని గొణిగాడు. పట్టదన్నాను. కాసేపు ఆలోచించి, మనకు నోటికొచ్చినయే గదా అని ఆయనే సర్దుకున్నాడు.

ప్రోగ్రామ్ తెరిచి, ఫైల్ చూపించి, మొదలుపెట్టు అని నొక్కాను. తెర మీద హెచ్చరిక వచ్చింది, డ్రైవ్‌లో ఉన్నదంతా నాశనమవుతుంది, సరేనా అని. సరే నొక్కబోతుంటే నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. మెత్తటి చెయ్యి కాదు, మిరపతోటలో పనిచేసిన చెయ్యి.

"అంతా పోతదని రాసున్నది గద సార్" అంది టీచరమ్మ.

పోయేవి పాటలేనమ్మా, నీవి కావు, నీవి ఆ డబ్బాలో ఉన్నాయి, ఇది వేరే అని చెప్పాను. ఆమె వదల్లేదు. పెన్‌డ్రైవ్ చూపించాను, లాప్‌టాప్ చూపించాను, కంప్యూటర్‌కు అసలు కరెంటే లేదని ఊడిన వైరు చూపించాను. నా ముప్పై రెండు పళ్ళు కూడా చూపించాను. అప్పుడు వదిలింది. గడప మీది అవ్వ కోయలో ఏదో అంది. కిటికీకి వేలాడుతున్న పిల్లలంతా పకపకా నవ్వారు. ఏమందని అడిగితే టీచరమ్మ చెప్పడానికి ఇష్టపడలేదు. బలవంతం మీద చెప్పింది.

"పొద్దటి సంది వీళ్ళిద్దరు చేస్తున్నరా, చూస్తున్నరా అంటున్నది."

నొక్కాను. లవ్ ఫెయిల్యూర్ మొత్తం ఒక్క దెబ్బకు పోయింది. ఆ జిల్లాలో అంతమంది గుండె గాయాలు ఒకేసారి మాన్పిన ఘనత నాది.

పని ఎంతయిందో చూపించే ఆకుపచ్చ గీత మెల్లగా నిండింది. అయిందని రాగానే పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు, వైరు ప్లగ్గుకు, వేలు ఎఫ్ పన్నెండుకు పోయాయి. తెర నల్లబడింది. అన్న పెదాలు కదులుతున్నాయి. ఒక గీత, ఒక చుక్క, ఆ తర్వాత ఒక మెనూ. రాకెట్లు ఎగిరినప్పుడు పెద్ద పెద్ద వాళ్ళు ఎగిరి గంతులేయడం టీవీలో చూశాను. మా గంతుల ముందు అవి ఏపాటివి. నేను గంతేసి బల్లకు తల కొట్టుకున్నాను.

మెనూలో రెండు దారులున్నాయి. ఎక్కించకుండా వాడి చూడు అన్నది ఒకటి. డిస్కు తుడిచి ఎక్కించు అన్నది రెండోది. రెండో దాని మీద మా పెద్దసారు గొంతు వినపడింది. మొదటి దాన్ని నొక్కాను.

తెర వెలిగింది. టక్కు టక్కుమంటున్న పాత డిస్కు పక్కన బొమ్మలా కనపడింది. తెరిచాను. టీచరమ్మ పేరుతో ఒక ఫోల్డర్, అందులో పాఠాలు, పాఠాల కింద రికార్డింగులు. ఆమె తెరకు ఆనుకుని, పెదాలు కదపకుండా ఒక్కొక్క పేరూ కళ్ళతో తడుముతూ పోయింది. అన్నిటి కింద విత్తనాల పాట. ఆమె కుర్చీ కోసం వెనక్కి తడిమి, దొరక్క, నేల మీదే కూర్చుండిపోయింది.

దొరికింది గానీ ఇంకా మన చేతికి రాలేదు. ఎక్కడికి దించాలి? లాప్‌టాప్ నిండింది, టీచరమ్మ ఫోన్ పిల్లల ఫోటోలతో మళ్ళీ నిండింది. అన్న ఫోన్లో చర్చి వీడియోలు. మిగిలింది నా ఫోన్. తెరిస్తే అందులోనూ జాగా లేదు. మా బావమరిది ఎన్నో ఏళ్ళుగా రోజూ పంపుతున్న గుడ్‌మార్నింగ్ బొమ్మలు, గులాబీలు, సూర్యోదయాలు, టీ కప్పులు. వాటిని తుడిచేసినప్పుడు కలిగిన ఆనందం నేను మాటల్లో చెప్పలేను. మా బావమరిది ఇది చదవడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఖాళీ అయిన ఫోన్‌ను రెండో రంధ్రానికి తగిలించి, ఫోల్డర్ మొత్తం లాగి వదిలాను.

గీత కదలడం మొదలైంది. పాత డిస్కు దగ్గుతూ, ఆగుతూ, మళ్ళీ దగ్గుతూ ఇస్తోంది. సగం కూడా కాలేదు, బయట జీపు ఆగింది.

ఆఫీసరు మంచివాడే. నవ్వు మొహం. తెర వెలుగుతుండటం చూసి సంతోషపడి, శభాష్ అన్నాడు. ఆయన వెనకాల ఒక అటెండరు, చేతిలో ఆఫీసరు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. అందులో ఆఫీసరు ముందుగా చూపించాలనుకున్న బొమ్మలున్నాయట. కంప్యూటర్ ముందు వంగి చూస్తే రెండు రంధ్రాలూ నిండి ఉన్నాయి. ఒకదానికి ఫోన్, ఒకదానికి మా పెన్‌డ్రైవ్.

మా వైపు పెన్‌డ్రైవ్ అంటే ఎవరైనా ఎప్పుడైనా పీకి తమది పెట్టుకునే వస్తువు. ఆటోలో అంతే, ట్రాక్టర్లో అంతే, పెళ్ళి మండపంలో అంతే. ఒకరి పాట ఆపితే ఇంకొకరి పాట. కానీ ఇక్కడ కంప్యూటర్ నిలబడిందే ఆ పెన్‌డ్రైవ్ మీద. పీకితే తెర పోతుంది, గీత తెగుతుంది, ఆ దగ్గే డిస్కు ఇంకోసారి లేస్తుందన్న భరోసా నాకైతే లేదు. అటెండరు వేళ్ళు దాని దాకా వచ్చాయి.

నేను నోరు తెరిచేలోపే అన్న వంగి అటెండరు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, పెన్‌డ్రైవ్‌తో సహా.

"సార్, మొదలుపెట్టే ముందు ప్రార్థన చేసుకుందం."

ఆఫీసరు బిత్తరపోయి, టోపీ తీసి, కళ్ళు మూసుకున్నాడు. ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే మన దగ్గర ఏ మతం వాడైనా నిలబడతాడు. అటెండరు చెయ్యి ఇరుక్కుపోయింది కాబట్టి అతను కూడా నిలబడ్డాడు. దయగల తండ్రీ అని అన్న ఎత్తుకున్నాడు. కిటికీ కమ్మీలు అదిరాయి. ముందు ఈ బడి కోసం ప్రార్థించాడు. తర్వాత పిల్లల కోసం, వాళ్ళ తల్లిదండ్రుల కోసం, వాళ్ళ మేకల కోసం. ఆఫీసరు కోసం, ఆఫీసరు ఇంటివాళ్ళ కోసం. ఆయన వచ్చిన జీపు కోసం, జీపు నాలుగు చక్రాల కోసం, వెనకాల తగిలించిన ఐదో చక్రం కోసం. దారిలోని వాగు కోసం, ఆ వాగు పోయి కలిసే గోదావరి కోసం, గోదావరి మీది వంతెన కోసం. ఒక కన్ను సగం తెరిచి నన్ను చూశాడు. నేను గీతను చూసి తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్ళీ కన్ను మూసి మిరపతోటల్లోకి దిగాడు. తోటల నుంచి ధరలకు, ధరల నుంచి వానలకు, వానల నుంచి నా నడుము నొప్పికి వచ్చాడు. ఆ డిస్కు గురించి కూడా ఒక మాట అడిగాడు. దాని పేరు చెప్పకుండా, అలసిన వాళ్ళకు చివరి అడుగు దాకా బలమియ్యి తండ్రీ అన్నాడు.

గీత నిండింది. నేను దగ్గాను.

"ఆమెన్" అన్నాడు అన్న. అటెండరు అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాడు, చెయ్యి విడిపోయిందని.

ఆఫీసరు కళ్ళు తుడుచుకుని, నాకోసం ఇంత పొడుగు మొక్కు మా ఇంట్ల గూడ మొక్కలేదన్నాడు. తన బొమ్మల సంగతి మరిచిపోయాడు. పాఠాలు చూపించమ్మా అని టీచరమ్మను అడిగాడు.

ఆమె వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందు ఆఫీసరు పిల్లల్ని తెలుగులో రెండు ప్రశ్నలు అడిగాడు, మీ పేరేంది, ఏం తిన్నరు అని. పిల్లలు నేలను పరిశీలించారు. నేలలో అంత చూడవలసింది ఏముందో నాకూ అర్థం కాలేదు. అప్పుడు టీచరమ్మ ఒక పాఠం నొక్కింది. కంప్యూటర్‌లోంచి అవ్వ గొంతు కోయలో ఏదో అడిగింది. గది పైకప్పు లేచిపోయింది. పిల్లలంతా ఒక్కసారి ఒకే మాట అరిచారు, కిటికీ బయట ఉన్నవాళ్ళు కూడా. రాత్రంతా రాలుతది, పొద్దున ఏరుకుంటం, ఏంది అని అడిగింది సార్, ఇప్పపువ్వు అన్నరు అని టీచరమ్మ విప్పి చెప్పింది. తెర మీద ఇప్పపువ్వు బొమ్మ వచ్చింది, కింద తెలుగు అక్షరాలు. ఇంతకుముందు నేలను చూసిన పిల్లే లేచి వచ్చి అక్షరాల కింద వేలు పెట్టి చదివింది. ఆఫీసరు నోరు తెరిచాడు, మూయడం మరిచిపోయాడు. ఇంకోటి పెట్టమ్మా, ఇంకోటి అంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఇవన్నీ మాకియ్యి, అన్ని బడులకు పంపిస్త అన్నాడు. టీచరమ్మ మావైపు చూసింది. అన్న సీలింగ్ వైపు చూశాడు. నేను నా ఫోన్ జేబు మీద చెయ్యి వేసుకున్నాను, అందులో ఆమె రెండేళ్ళు ఉన్నాయి కాబట్టి.

పోయే ముందు ఆఫీసరు చివరి ఫైల్ చూశాడు. విత్తనాల పాటట గదా, అది గూడ పెట్టమ్మా, వినిపోత అన్నాడు.

టీచరమ్మ చెయ్యి మౌస్ మీదికి పోయింది. గడప మీద నుంచి అవ్వ ఒక్క మాట అంది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఇప్పుడు వద్దంటున్నది సార్. పండుగ రాలే గదా."

ఆఫీసరు నవ్వి, ఆమెను పాడమంటలేను, రికార్డే గదా అన్నాడు. టీచరమ్మ ఆ మాట కోయలో చెప్పింది. అవ్వ తీరిగ్గా విన్నది, తీరిగ్గా సమాధానం చెప్పింది. ఈసారి టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"గొంతు నాదే గదా అంటున్నది సార్."

ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తట్టని ప్రశ్న అది. ఆఫీసరు అవ్వ వైపు తిరిగి దండం పెట్టి, పండుగకే వస్త అన్నాడు.

మా పెద్దసారుకు వెలుగుతున్న తెర ఫోటో పంపాను, సిగ్నల్ దొరికిన చోట. కొత్తది ఎక్కించినవా అని అడిగాడు. కంప్యూటర్ నడుస్తున్నది సార్ అన్నాను, అది నిజమే. కొత్త డిస్కు వచ్చేదాకా ఆ బడి ఆ పెన్‌డ్రైవ్ మీదే నడిచింది. దాని మీద టీచరమ్మ టేపు వేసి, పీకొద్దు అని రెండు భాషల్లో రాసింది. వాపసు దారిలో అన్న ఒక్కటే మాట అన్నాడు, ప్రార్థనంతా నిజంగనే చేసిన తమ్మీ, నాటకం కాదు. ఐదో చక్రం కోసం గూడనా అన్నాను. గూడ, అన్నాడు.

ఎండాకాలం విత్తనాల పండుగకు మేమిద్దరం పోయాం. ఆఫీసరు కూడా వచ్చాడు, జీపు చక్రాలన్నీ క్షేమం. అవ్వ పాడింది. ఎంతసేపు పాడిందో నాకు తెలియదు, నిలబడ్డ కాళ్ళు తిమ్మిరెక్కినాక కూర్చున్నాను, కూర్చున్నాక లేవాలనిపించలేదు. బడికి తాళం వేసి ఉంది. కంప్యూటర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అయినాక నేను టీచరమ్మను అడిగాను, ఇవాళ పండుగే గదమ్మా, ఫైల్ పెట్టుకోవచ్చు గదా అని. అవ్వ ఉన్నది గద సార్, ఇవాళ ఫైల్ ఎందుకు అంది.

అట్లా ఆ పాట పెట్టకూడని రోజు పెట్టకూడదు. పెట్టదగ్గ రోజు పెట్టే పని లేదు. అవ్వ గట్టిగా ఉంది. ఇంకా చాలా పండుగలు పాడేటట్టే ఉంది.

పాఠాలు ఇప్పుడు చాలా బడుల్లో నడుస్తున్నాయి. విత్తనాల పాట కాపీ ఒకటి మీ దగ్గర కూడా ఉంచండి సార్ అని టీచరమ్మ అన్నది. అవ్వ కూడా ఒప్పుకుంది, ఒక షరతు మీద. అందుకని ఫోన్లు మారినప్పుడల్లా ఆ ఫైల్‌ను కొత్త ఫోన్లోకి నా చేతులతో నేనే మారుస్తూ వచ్చాను. గులాబీలు, టీ కప్పులు మళ్ళీ నిండాయి, దాని చోటు దానిదే. వందల కంప్యూటర్లు తెరిచిన ఈ వేలు దాన్ని ఇప్పటిదాకా నొక్కలేదు. ఒకటి రెండుసార్లు పైన వేలు పెట్టి తీసేశాను. నొక్కితే ఇల్లందు అవతలి అడవిలో ఆ అవ్వకు వినపడుతుందని నా గట్టి నమ్మకం.